జోక్యమాపకం

ఫిజిక్స్ మాస్టారు గదిలో అడుగుపెట్టగానే గోడమీది వెలుగు హడలిపోయి పక్కకి పరుగెత్తింది. ఆయన తుమ్మితే చెల్లాచెదురైంది. "నేనేం చెయ్యలేదే!" అని ఆయన నోరు తెరిచాడో లేదో, మళ్ళీ గజగజ వణికింది. సృష్టి మొదలైన దగ్గర్నుంచి వెలుగునే భయపెట్టిన మనిషి ఆయనొక్కడే.

సరే, కాస్త తగ్గించి చెప్పుకుందాం. పరుగెత్తింది వెలుగంతా కాదు, అందులోని చారలు. పరుగెత్తిన దూరం కూడా మహా అయితే జానెడు. కానీ హడలిపోయిందన్న మాట మాత్రం కొట్టెయ్యడానికి వీల్లేదు. ఆ మాస్టారిని ఎరిగున్నవాళ్ళెవరూ ఒప్పుకోరు.

ఆయన్ని కాలేజీ అంతా వేలు మాస్టారు అనేది. వయసు యాభై దాటింది, పొట్ట బెల్టు దాటింది, చూపుడువేలు మాత్రం ఎప్పుడూ మిగతా మనిషికన్నా రెండంగుళాలు ముందు నడిచేది. ఎవరైనా సైకిలు చైను ఎక్కించుకుంటుంటే ఆ వేలు వెళ్ళి చైనులో దూరేది. ఎవరైనా కవరు అంటిస్తుంటే బంకలో మునిగేది. లైబ్రరీలో ఎవరో ప్రశాంతంగా చదువుకుంటుంటే భుజం మీదుగా వచ్చి, "ఇది కాదయ్యా, ముందు అది చదవాలి" అని నాలుగు పేజీలు వెనక్కి తిప్పేది. ఆయన దృష్టిలో ఇదంతా సాయం. అడక్కుండా చేసేదే అసలైన సాయమని ఆయన గట్టి నమ్మకం. అడిగేదాకా ఆగుదామంటే, ఇన్నేళ్ళలో ఒక్కరూ అడిగిన పాపాన పోలేదు.

ఇంట్లో సంగతి చెప్పనే అక్కర్లేదు. పడకగది ఫ్యాను కొంచెం కిర్రుమంటోందని దించి బాగుచేశాడు. అప్పట్నుంచి దాని గాలి పైకి వీస్తోంది.

"మనకన్నా పైకప్పే సుఖపడుతోందండీ," అంది ఆయన భార్య, విసనకర్ర విసురుకుంటూ.

"కిర్రుమంటోందా?" అన్నాడు మాస్టారు.

"లేదు."

"మరి!"

అలాంటి మనిషి చేతిలో పడింది ఆయన మేనకోడలు. అక్క కూతురు. అదే కాలేజీలో ఆఖరి సంవత్సరం. డిగ్రీ చేతికి రావాలంటే ప్రాజెక్టు పాసవ్వాలి. ప్రాజెక్టుకి గైడు కావాలి. ఆ కాలేజీ మొత్తానికి ఫిజిక్స్ చెప్పేది ఆయనొక్కడే. ఊరి చివర కళ్ళద్దాలూ కటకాలూ తయారుచేసే ఫ్యాక్టరీలో, అరగదీసిన గాజు సరిగ్గా వచ్చిందో లేదో చూసే గదిలో ఆ పిల్లకి ఉద్యోగం ఖాయమై ఉంది. కాకపోతే ఈ వేసవిలోపు డిగ్రీ చూపించాలి. చూపించకపోతే ఆ కుర్చీలో ఇంకొకరు కూర్చుంటారు.

పోయిన రెండేళ్ళూ మాస్టారి ప్రాజెక్టులు ఏమయ్యాయో ఆ పిల్లకి తెలుసు. మొదటి ఏడాది పిల్లలు సున్నితమైన త్రాసు చేశారు. వెంట్రుక వేసినా తూగేది. పరీక్ష చెయ్యడానికి యూనివర్సిటీ మనిషి గుమ్మంలోకి వస్తుండగా మాస్టారు దానిమీద దుమ్ముందని ఉఫ్‌మని ఊదాడు. రెండో ఏడాది లోలకం చేశారు. అది ఇంకాస్త హాయిగా ఊగుతుందని ఇరుసులో నూనె పోశాడు. అది హాయిగా ఊడి పరీక్షకుడి బూటు మీద పడింది. రెండు బ్యాచ్‌లవాళ్ళూ ఏడాది మళ్ళీ చదివారు. "ఇత్తడి నాసిరకం," అన్నాడు మాస్టారు రెండుసార్లూ. త్రాసులో ఇత్తడి లేదు.

"ఒరేయ్ తమ్ముడూ," అని అక్క ఫోనులో ముందే చెప్పింది, "దాన్ని గట్టెక్కించు. నువ్వేం చెయ్యకుండా గట్టెక్కించు."

"ఏం చెయ్యకుండా ఎలా గట్టెక్కిస్తానే అక్కా?"

"అది నాకు తెలీదు. చెయ్యి మాత్రం పెట్టకు."

మేనకోడలు చెయ్యాలనుకున్నది ఒకే వెలుగుని రెండుగా చీల్చి, రెండు దారుల్లో పంపి, మళ్ళీ ఒకచోట కలిపే పరికరం. రెండు వెలుగులూ అడుగులో అడుగు వేస్తూ వచ్చి కలిస్తే ఆ చోట వెలుగు. ఒకటి ముందూ ఒకటి వెనకా అయ్యి, పెళ్ళిలో అలిగిన వియ్యంకుల్లా ఎడమొహం పెడమొహంగా కలిస్తే చీకటి. గోడమీద వెలుగూ చీకటీ పక్కపక్కనే చారలు చారలుగా పడతాయి. ఒక దారి వెంట్రుక మందంలో రెండొందలో వంతు పెరిగినా చాలు, ఒక చార జరిగిపోతుంది. అంత సున్నితం. కొనాలంటే కాలేజీ అమ్మినా రాదు. అందుకే తక్కువ ఖర్చులో చెయ్యాలి. తక్కువ ఖర్చంటే ప్రిన్సిపాల్ లెక్కలో అసలు ఖర్చే లేకపోవడం.

వస్తువులన్నీ మాస్టారింట్లోంచే నడిచాయి. వంటింటి గట్టుకి సింకు పెట్టడానికి కోసి తీసిన రాతి పలక పెరట్లో పడుంటే అది పునాది అయ్యింది. దాని కింద పాత స్కూటర్ ట్యూబు, సగం గాలితో, అదురు తగలకుండా. మామూలు అద్దానికి పూత వెనకవైపు ఉంటుంది గనక బొమ్మ రెండుగా పడుతుందని, పాడైన కంప్యూటర్ హార్డ్ డిస్కు విప్పి లోపలి మెరిసే బిళ్ళలు తీశారు. వాటిని వంచడానికి మరమేకులు, వెనక్కి తన్నడానికి బాల్‌పెన్ను స్ప్రింగులు. వెలుగుని చీల్చడానికి, సగం వదిలి సగం తిప్పికొట్టే కిటికీ అద్దం ముక్క. వెలుగేమో పాఠం చెప్పేటప్పుడు తెరమీద చూపించే లేజర్ పాయింటర్. దాని మీట నొక్కి పట్టడానికి బట్టల క్లిప్పు. ఆఖర్న ఆ సన్నటి వెలుగు చుక్కని గోడంత చెయ్యడానికి ఒక బుల్లి కటకం కావలసి వచ్చింది. వీధి తలుపుకి, వచ్చిందెవరో చూసుకోవడానికి పెట్టించిన గాజు కన్ను మాస్టారు పీక్కొచ్చాడు.

"తలుపు కన్ను పీకేశారు, సరే," అంది భార్య. "ఇప్పుడు ఎవరొచ్చారో ఎలా తెలుస్తుంది?"

"తలుపు తీసి చూడు."

"వచ్చింది మీరైతే?"

ఈ వస్తువులు పోగెయ్యడం దాకా మాస్టారి సాయం నిజంగా సాయమే. అక్కడితో ఆగుంటే ఈ కథ లేదు.

కాలేజీ మేడమీద వెనకవైపు గది. మాస్టారు కింద పాఠం చెబుతుండగా మేనకోడలు మరమేకులు సర్దుకుంటూ కూర్చునేది. ఒక మధ్యాహ్నం రెండు ఎర్రటి చుక్కలు గోడమీద ఒకదాని మీద ఒకటి కూర్చున్నాయి, చారలు పడ్డాయి. దువ్వెనతో దువ్వినట్టు తిన్నగా, నిమ్మకు నీరెత్తినట్టు కదలకుండా. పిల్ల ఊపిరి బిగబట్టి చూసింది. తర్వాత ఆనందం పట్టలేక కిందికి పరుగెత్తి, "సార్, వచ్చాయి!" అంది. ఆ ఆనందమే ఆమె చేసిన పొరపాటు.

మాస్టారు క్లాసు వదిలేసి మెట్లెక్కాడు. ఆయన గుమ్మంలోకి వచ్చేసరికి చారలు వణికాయి. బల్ల దగ్గరికి వచ్చేసరికి పరుగెత్తాయి. "ఏవీ?" అంటూ రాతి మీద చెయ్యి ఆన్చేసరికి గోడమీద ఎర్రటి గంజి తప్ప ఏమీ మిగల్లేదు.

"ఏవే చారలు?"

"నువ్వు రాకముందు ఉన్నాయి మావయ్యా."

"కాలేజీలో సార్ అను."

"మీరు రాకముందు ఉన్నాయి సార్."

"నేను చూసినప్పుడు లేనివి, నేను చూడనప్పుడు ఎలా ఉంటాయి? కళ్ళు చెదిరుంటాయి. ఇదుగో, ఈ మరమేకు కాస్త బిగిస్తే..."

బిగించాడు. ఆ పిల్ల చారల్ని మళ్ళీ పట్టుకునేసరికి వారం గడిచింది. ఈసారి కిందికి పరుగెత్తలేదు. సుద్దముక్క తీసుకుని బల్లకి మూడు బారల దూరంలో నేలమీద గీత గీసింది.

"ఏమిటిది?" అన్నాడు మాస్టారు.

"మీరు దీని అవతల ఉండాలి సార్."

"గైడునే!"

"అందుకే సార్. గైడు కాకపోతే గేటు అవతల ఉండమనేదాన్ని."

ఆయన గీత అవతల నిలబడి మెడ మాత్రం ఇవతలికి చాచాడు. చారలు మెడనీ పట్టేశాయి. నిట్టూర్చాడు, ఆ వేడికీ జరిగాయి. "ఇదేం మాయదారి యంత్రమే, మీ అత్తయ్యకన్నా సులువుగా పట్టేస్తోంది!" అని గొణిగాడు. ఆ గొణుగుడు కూడా గోడమీద కనిపించింది.

ఇంతలో కింద ఆఫీసులో మరో ఘనకార్యం జరిగింది. ప్రిన్సిపాల్‌కి ఆ ఏడాది తెలుగు మీద ప్రేమ పుట్టుకొచ్చింది. ప్రాజెక్టుల పేర్లన్నీ తెలుగులో పంపాలని హుకుం జారీ చేశాడు. టైపిస్టుకి ఈ పరికరం అసలు పేరు, ఇంటర్‌ఫెరోమీటర్ అన్న మాట, వచ్చింది. పాఠ్యపుస్తకం తెరిస్తే వ్యతికరణమాపకం అని దొరికేది. ఆవిడ ఆఫీసు మనిషి గనక ఆఫీసు నిఘంటువు తెరిచింది. ఇంటర్‌ఫియరెన్స్ అంటే జోక్యం అని ఉంది. ఇతరుల వ్యవహారాల్లో అనవసరంగా తలదూర్చుట. ఆవిడ శుభ్రంగా టైపు కొట్టింది: "తక్కువ ఖర్చుతో జోక్యమాపకం నిర్మాణం. గైడు:" అని పక్కన మాస్టారి పేరు.

నోటీసు బోర్డు దగ్గర ఆ పూట జనం విరగబడి నవ్వారు. "సార్, దీనికి కొలతలు మీవేనా?" అని అడిగాడు బోటనీ మాస్టారు. మాస్టారు ఒంటికాలి మీద లేచి ప్రిన్సిపాల్ గదిలో పడ్డాడు.

"తప్పు పడిందండీ, మార్పించండి."

"సంతకం పెట్టి యూనివర్సిటీకి పంపేశాను మాస్టారూ," అన్నాడు ప్రిన్సిపాల్. "నేను సంతకం పెట్టాక అది తప్పెలా అవుతుంది?"

పరీక్ష దగ్గరపడేకొద్దీ మేనకోడలికి పేరు సంగతి గుర్తే లేదు. ఆమె భయమంతా వేలు గురించే. పరీక్షకి గైడు గదిలో ఉండి తీరాలని రూలు. ముందురోజు ఆదివారం మధ్యాహ్నం వాళ్ళింటికి వెళ్ళి, భోజనాలయ్యాక ఆయన ఎదురుగా కూర్చుంది.

"మావయ్యా, రేపు నువ్వు చేతులు కదపకూడదు. ఏం జరిగినా సరే. ఎవరేమన్నా సరే. నా ఉద్యోగం నీ చేతుల్లో ఉంది. చేతుల్లో అంటే చేతుల్లోనే."

"నువ్వూ మీ అమ్మలాగే మాట్లాడుతున్నావు," అన్నాడు మాస్టారు నొచ్చుకుని. కానీ ఆ పిల్ల మొహం చూశాడు. కళ్ళ కింద నల్లటి వలయాలు. మరమేకులు తిప్పీ తిప్పీ వేళ్ళ కొసలు కందిపోయి ఉన్నాయి. "సరే. మాటిస్తున్నాను. కాలు విరిగి పడ్డా సరే, కదలను."

"ఎవరి కాలు?" అంది భార్య వంటింట్లోంచి.

మర్నాడు పరీక్షకుడు వచ్చాడు. కాగితం మనిషి. ఎండిన కొమ్మలా ఉండి, ప్రతి అక్షరం కింద పెన్సిలు జరుపుతూ చదివే రకం. గోడమీద చారలు అద్భుతంగా నిలబడ్డాయి. మాస్టారు గుమ్మం పక్కన స్టూలు మీద, రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని, పోతపోసిన విగ్రహంలా కూర్చున్నాడు. ప్రిన్సిపాల్ ఆయన్ని చూసి, ఒంట్లో బాగోలేదేమో అనుకున్నాడు.

"జోక్య... మాపకం," చదివాడు పరీక్షకుడు. "ఊఁ. జోక్యం ఏదమ్మా?"

పిల్ల అడ్డుపడింది. "సార్, అది వ్యతికరణం. టైపులో తప్పు పడింది."

"వ్యతికరణం అని ఇందులో లేదు. ఇందులో ఉన్నదానికే నేను మార్కులెయ్యాలి. చారలున్నాయి, చూశాను. బాగున్నాయి. మా ఆవిడ చీరమీద కూడా బాగుంటాయి. ఇది కొలిచేదేమిటి? కదలని ముల్లు ఏం కొలుస్తుందమ్మా?"

పెన్సిలు మార్కులు వేసే గడి మీదికి వెళ్ళి, అక్కడ సున్నా చుట్టడానికన్నట్టు ఆగింది.

పిల్లకి కళ్ళు తిరిగినంత పనైంది. ఆ తిరిగిన కళ్ళకి స్టూలు మీది మావయ్య కనిపించాడు. జోక్యం అక్కడే కూర్చుని ఉంది.

"సార్, ఒకసారి ఇలా రండి."

"రాను," అన్నాడు మాస్టారు.

"ఫరవాలేదు సార్. వచ్చి ఆ రాతి మీద వేలు పెట్టండి."

"పెట్టను. మాటంటే మాటే."

"గైడు అంత దూరంగా కూర్చున్నాడేం?" అన్నాడు పరీక్షకుడు.

"ఇదే మొదటిసారండీ," అన్నాడు ప్రిన్సిపాల్. ఆయన గొంతులో నిజమైన ఆశ్చర్యం ఉంది.

పిల్ల స్టూలు దగ్గరికి వెళ్ళి గొంతు తగ్గించింది. "మావయ్యా, నీకు పుణ్యముంటుంది. వచ్చి వేలు పెట్టు."

మాస్టారు ఆమెని అనుమానంగా చూశాడు. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి తియ్యి తియ్యి అన్నవాళ్ళే తప్ప పెట్టు అన్నవాళ్ళని ఆయన ఎరగడు. ఇప్పుడు అంటున్నారంటే ఇది కచ్చితంగా తనని పరీక్షించడానికే. అక్క నేర్పించి పంపి ఉంటుంది. ఈ వలలో పడేంత వెర్రివాడా ఆయన? చేతులు ఇంకాస్త లోపలికి తోసుకున్నాడు.

పిల్లకి ఇంకో దారి తట్టింది. బల్ల దగ్గరికి తిరిగొచ్చి, పరీక్షకుడి వైపు తిరిగి, పాఠం అప్పజెప్పినట్టు మొదలెట్టింది.

"వెలుగు ముందు ఈ అద్దం దగ్గరికి వెళ్ళొస్తుంది సార్. తర్వాత తీరిగ్గా ఆ అద్దం దగ్గరికి వెళ్తుంది."

స్టూలు కిర్రుమంది. వెలుగు రెండు దారుల్లోనూ ఒకేసారి వెళ్తుందని మాస్టారు పాతికేళ్ళుగా చెబుతున్నాడు.

"ఈ స్ప్రింగులు అందానికి పెట్టాం సార్."

మాస్టారి చెవులు ఎర్రబడ్డాయి. పళ్ళు కొరికాడు. కదల్లేదు.

"రాయి మెత్తగా ఉంటుందని రాతి పలక వాడాం."

మాస్టారు కళ్ళు మూసుకున్నాడు. నుదుట చెమట పోసింది. అయినా కదల్లేదు. ఆ మనిషిలో అంత నిగ్రహం ఉందని ఆయనకే తెలీదు. పరీక్షకుడి పెన్సిలు కాగితాన్ని తాకింది.

"ఇంకొక్కటి సార్," అంది పిల్ల గబగబా. "దీన్ని నిలబెట్టింది నేనొక్కదాన్నే. మా గైడుకి ఇందులో ఓనమాలు కూడా తెలీవు."

మొదటి మూడూ అబద్ధాలు. వాటిని ఆయన ఓర్చుకున్నాడు. నాలుగోది అంత అబద్ధం కాదు. అందుకే తగలాల్సిన చోట తగిలింది.

"ఎవరికే తెలీనిది!" మాస్టారు స్టూలు తన్ని లేచాడు.

"రెండు చారలు," అంది పిల్ల గోడవైపు చూస్తూ.

"ఆ హార్డ్ డిస్కు విప్పిందెవరు? తలుపు కన్ను పీకిందెవరు?" గీత దాటాడు.

"ఆరు. ఏడు. తొమ్మిది."

"ముందు ఈ మరమేకు బిగుతే తప్పు! ఎన్నిసార్లు చెప్పాను!" చూపుడువేలు ముందు నడిచి రాతి మీద ఆనింది. చారలు గోడమీద కట్టలు తెంచుకుని పరుగెత్తాయి. పిల్ల లెక్కకి అందలేదు.

"ఆగండి," అన్నాడు పరీక్షకుడు. ముందుకి వంగాడు. "వేలు తియ్యండి."

మాస్టారు తీశాడు. చారలు వెనక్కి వచ్చి నిలబడ్డాయి.

"పెట్టండి."

పెట్టాడు. జరిగాయి.

"మెల్లగా. ముట్టుకోకుండా, పైన గాల్లో ఉంచండి." వేలి వేడికే రెండు చారలు కదిలాయి. పరీక్షకుడి మొహంలో ఆ రోజు మొదటిసారి రక్తం కనిపించింది. "ముట్టుకోకపోయినా తెలుస్తోంది! దూరాన్నిబట్టి ఎక్కువా తక్కువా కూడా తెలుస్తోంది!"

మాస్టారికి విషయం అప్పుడు బుర్రకెక్కింది. కానీ వేలు అప్పటికే పరికరంలో ఒక భాగమైపోయింది. పావుగంటసేపు పెట్టమంటే పెట్టాడు, తియ్యమంటే తీశాడు. తర్వాత పరీక్షకుడు పోల్చి చూడ్డానికి ప్రిన్సిపాల్‌ని రమ్మన్నాడు. ప్రిన్సిపాల్ వేలికి చారలు అంత జరగలేదు. ఆయన చిన్నబుచ్చుకుని ఇంకా గట్టిగా నొక్కాడు. అయినా మాస్టారి లెక్కకి రాలేదు. ఆ తర్వాత నెల్లాళ్ళు ఆయన మాస్టారితో మొహం ఎత్తి మాట్లాడలేదు.

"పరికరం పేరుకి పూర్తి న్యాయం చేసింది. గైడు సహకారం లేనిదే ఫలితం సాధ్యమయ్యేది కాదు," అని పరీక్షకుడు రాసి, ఆ వాక్యం కింద పెన్సిలు జరిపి, ఇందాక చుట్టబోయిన సున్నా చుట్టి, దాని ముందు నిండుగా తొమ్మిది చేర్చాడు.

పిల్లకి డిగ్రీ వచ్చింది. ఫ్యాక్టరీలో కుర్చీ దక్కింది. చేరేముందు మిఠాయి పొట్లంతో మావయ్యింటికి వచ్చి, "నువ్వు లేకపోతే పాసయ్యేదాన్ని కాదు మావయ్యా," అంది.

ఈ ఒక్క మాట ఎవరైనా అంటారేమోనని ఆ మనిషి పెళ్ళికి ముందునుంచీ ఎదురుచూస్తున్నాడు. తీరా అన్నారు. నలుగురికీ చెప్పుకుందామంటే కథ మొత్తం చెప్పాలి. ఆయన పొట్లం విప్పడంలో పడ్డాడు. భార్య కాసేపు ఆయన్నే చూసి, నవ్వు ఆపుకోలేక వంటింట్లోకి వెళ్ళిపోయింది.

స్టాఫ్ రూములో ఎవరైనా ఆ సంగతి ఎత్తితే మాస్టారు పేపరు దించకుండానే జవాబు చెబుతాడు.

"అంతా కట్టుకథ. ఆ రోజు నేను సెలవులో ఉన్నాను. అసలు అలాంటి పరీక్షే జరగలేదు. ఇందులో ఒక్క ముక్క కూడా నిజం కాదు."